నొప్పి నుదుట, మూలం మెడలో

మూడు నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో తలనొప్పి గురించినవే ఎక్కువ. చాలామంది కళ్ల డాక్టరు దగ్గరికీ, ముక్కు డాక్టరు దగ్గరికీ వెళ్లివచ్చి, 'ఇక ఎవరికి చూపించుకోవాలి?' అని అడుగుతున్నారు. అందుకని ఈసారి మెడ పట్టేయడం వల్ల వచ్చే తలనొప్పికే చోటు ఇస్తున్నాను. నేను రాజమహేంద్రవరంలో 22 ఏళ్లుగా పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టుని. మందులు రాయను. చేతులతో తడిమి చూడడం, వ్యాయామం నేర్పడం, కూర్చునే తీరు సరిచేయడం నా పని. మందుల సంగతి వచ్చినచోట ఎవరి దగ్గరికి వెళ్లాలో చెబుతాను.

మేడమ్ గారికి నమస్కారం. నాకు 34 ఏళ్లు. పెళ్లి జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తాను. ముహూర్తాల రోజుల్లో తొమ్మిది పది గంటలు చట్రం ముందే కూర్చుంటాను. సాయంత్రం నాలుగయ్యేసరికి మెడ వెనక కుడివైపు మొదలై, నెత్తి మీదుగా వచ్చి కుడి కన్ను వెనక పొడిచినట్టు నొప్పి. కళ్ల పరీక్ష చేయించాను, చూపు బాగుందన్నారు. సైనస్ అని ఒకరు, మైగ్రేన్ అని ఒకరు అంటున్నారు. పని మాత్రం మానలేను.
— ఒక సోదరి, పిఠాపురం

అమ్మా, పని మానమని నేను చెప్పను. మా అమ్మ కుట్టుమిషను మీద మమ్మల్ని చదివించింది. దీపాలు పెట్టే వేళకు తలకు తుండుగుడ్డ బిగించి కట్టుకుని గోడకు చేరబడి కూర్చునేది. 'అమ్మకు తలనొప్పి, గోల చేయకండి' అనేవారు నాన్న. అన్నేళ్లలో ఒక్కరం కూడా ఆవిడ మెడ మీద చెయ్యి వేసి చూడలేదు. ఈ చదువు చదివాక మొదటిసారి ఆవిడ పుర్రె అంచు కింద వేలు పెట్టి నొక్కితే, 'అదే! అదే నొప్పి కంట్లోకి వస్తోంది' అంది. మీ ఉత్తరం చదువుతుంటే ఆ మాటే గుర్తుకొచ్చింది.

మీరూ చూడండి. తల వెనక ఎముక ముగిసి మెత్తని భాగం మొదలయ్యే చోట, నడిమి గుంటకు రెండు వేళ్ల దూరంలో కుడివైపు బొటనవేలితో మెల్లగా నొక్కి పట్టండి. ఆ నొక్కుడుకు కంటి వెనక నొప్పి మేలుకుంటే సగం సంగతి తెలిసినట్టే. అక్కడ పుర్రె కిందే నాలుగు జతల చిన్న కండరాలు ఉంటాయి. తలను రవ్వంత వంచడం, తిప్పడం, నిలకడగా పట్టి ఉంచడం వాటి పని. పూస మీద పూస కుట్టేటప్పుడు మీ చూపు కదలకుండా ఉండాలంటే తల కదలకూడదు. తల కదలకూడదంటే గంటల తరబడి ఈ చిన్న కండరాలకు ఊపిరి సలపదు.

మరి మెడలో బాధ అయితే కంట్లో ఎందుకు పొడుస్తుందని మీకు అనుమానం రావాలి. మెడలో 7 పూసలు ఉన్నాయి. వాటిలో పై మూడింటి దగ్గరి నరాలూ, నుదుటికీ కంటికీ స్పర్శ తెలిపే నరమూ వెన్నుపాము పైభాగంలో ఒకే చోటికి వచ్చి చేరతాయి. రెండు ఊళ్ల ఉత్తరాలు ఒకే సంచిలో కలిసిపోతే ఏది ఎక్కడిదో తేలనట్టు, మెడ నుంచి వెళ్లిన కబురును మెదడు నుదుటిదిగా, కంటిదిగా చదువుకుంటుంది. అందుకే మీరు నుదుటికి ఎంత మందు రాసినా తాత్కాలికమే.

ఇది మైగ్రేనా, మెడదా అన్నది తేల్చుకోవలసిన మాటే. మైగ్రేన్ ఉన్నవారికి కూడా చాలాసార్లు మెడ పట్టేస్తుంది కాబట్టి, మెడ నొప్పి ఉన్నంతమాత్రాన తప్పంతా మెడదే అనుకోకూడదు. నొప్పి నాడి కొట్టుకున్నట్టు ఉండడం, కడుపులో తిప్పి వాంతి రావడం, వెలుతురూ శబ్దమూ భరించలేక చీకటి గదిలో పడుకోవాలనిపించడం మైగ్రేన్ లక్షణాలు. మెడ వల్ల వచ్చేది సాధారణంగా ఒకే పక్కన ఉంటుంది, మెడ తిప్పితే పెరుగుతుంది, ఆ పక్కకు మెడ పూర్తిగా తిరగదు. మా దగ్గరికి వస్తే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా తల వంచి, అటూ ఇటూ తిప్పి చూస్తాం. మామూలుగా ఒక్కో పక్కకు 44 డిగ్రీల దాకా తిరగాలి. పై పూసల దగ్గర పట్టేసినవారికి 30 దగ్గరే ఆగిపోతుంది. స్కానింగుకు డబ్బు పోయకముందు ఈ పరీక్ష చేయించుకోండి.

ఇక మీ చట్రం. పెద్దవారి తల బరువు సుమారు 5 కిలోలు. 2014లో న్యూయార్క్ వెన్నెముక శస్త్రవైద్యుడు కెన్నెత్ హంస్‌రాజ్ కంప్యూటర్ నమూనాతో వేసిన లెక్క ప్రకారం, తలను 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం దాదాపు 27 కిలోలు. మనం ఇంటికి తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువ! నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి పనిచేసే చోటికి నేనే వెళ్లి చూశాను. చట్రం నేల మీద రెండు ముక్కాలి పీటల మీద బల్లపరుపుగా ఉంది. కింద చెయ్యి దారం అందిస్తోంది, పై చెయ్యి సూది దింపుతోంది, గడ్డం ఎదురురొమ్మును తాకుతోంది. చట్రం అవతలి అంచు కింద రెండు ఇటుకలు పెట్టించాను. గుడ్డ ఆవిడ వైపు వాలింది, తల నాలుగు వేళ్లు పైకి లేచింది. పిరుదుల కింద గట్టి మెత్త వేయించాను, తుంటి మోకాలి కంటే పైన ఉండేలా. దీపాన్ని వెనకనుంచి ఎడమ పక్కకు మార్పించాను, తన నీడలోకి తాను వంగి చూసుకోకుండా. ఆ రోజు అయిన ఖర్చు ఏమీ లేదు. మీరూ ఈ మూడూ ముందు చేయండి, వ్యాయామం తరవాత.

ప్రతి అరగంటకు ఒకసారి సూది వదిలి లేవండి. ఒక దారం ఉండ అయిపోయినప్పుడల్లా అని గుర్తు పెట్టుకుంటే గడియారం చూడనక్కర్లేదు. భుజాలు చెవుల దాకా ఎత్తి, వెనక్కి తిప్పి, ఒక్కసారిగా వదిలేయండి. చేతులు వెనక్కి చాచి రొమ్ము విప్పుకోండి. రెండు నిమిషాలు చాలు.

రాత్రి కాపడం మేలు. రాళ్ల ఉప్పు మూకుట్లో వేయించి, మెత్తని గుడ్డలో మూట కట్టి, ముందు మీ మోచేతి లోపలి వైపు తాకించి చూసుకుని, మెడ వెనక పావుగంట పెట్టండి. చక్కెర వ్యాధి వల్ల స్పర్శ తగ్గినవారు వేడి తెలియక ఒళ్లు కాల్చుకుంటారు, మరొకరి చేత చూపించుకోవాలి. కాపడం అయ్యాక ఒక మేజోడులో రెండు టెన్నిస్ బంతులు వేసి ముడి కట్టండి. వెల్లకిలా పడుకుని, ఆ బంతులు పుర్రె అంచు కింద చెరో పక్కన ఆనేలా పెట్టుకుని, తల బరువు వాటి మీద వదిలేయండి. ఐదు నిమిషాలు. రుద్దకండి, దొర్లించకండి. తల బరువే ఆ పని చేస్తుంది.

ఇవన్నీ ఆ రోజు నొప్పికి. నొప్పి మళ్లీ రాకుండా చూసేది మెడ ముందు భాగంలోని లోతైన కండరాలు. అవి బలహీనపడితే భారమంతా వెనక కండరాల మీద పడుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తల కింద మడత పెట్టిన తువ్వాలు. ఎదుటివారి మాటకు 'ఊఁ' కొట్టినట్టు గడ్డాన్ని రవ్వంత కిందికి వంచి అలాగే ఉంచండి. తల తువ్వాలు మీదినుంచి లేవకూడదు. అదే సమయంలో వేళ్లు గొంతుకు పక్కగా ఆనించండి. చెవి వెనకనుంచి గొంతు గుంట దాకా తాడులా దిగే కండరం వేళ్లకు గట్టిగా తగిలితే మీరు ఎక్కువ బలం పెడుతున్నారు. అది మెత్తగానే ఉంటే సరిగ్గా చేస్తున్నట్టు. 10 సెకన్లు పట్టి వదలండి, 10 సార్లు, పొద్దునా సాయంత్రమూ. ఇది చూడడానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. అందుకే నాలుగో రోజుకు మానేస్తారు. మానకండి! ఆస్ట్రేలియాలో గ్వెండొలిన్ జుల్ బృందం మెడ వల్ల తలనొప్పి వచ్చే 200 మంది మీద చేసి 2002లో ప్రచురించిన పరీక్షలో, ఇలాంటి చిన్న బలపు వ్యాయామం ఆరు వారాలు చేసినవారికి తలనొప్పులు తగ్గాయి, ఏడాది తరవాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది. నైపుణ్యం ఉన్న చికిత్సకులు చేతులతో చేసిన వైద్యం కూడా అంతే మేలు చేసింది. ఆరు వారాలు ఓపిక పట్టండి తల్లీ. నాకు మళ్లీ రాయండి.

నా వయసు 52. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ పనే. బల్ల, కుర్చీ అన్నీ మంచివే, వంగి కూర్చోను. అయినా తల వెనక భాగం మధ్యాహ్నానికి బరువెక్కిపోతుంది. ఏడాదిన్నరగా ఇదే తంతు.
— ఒక పాఠకుడు, హనుమకొండ

మీరు రాయని ఒక మాట అడుగుతాను. ఏడాదిన్నర క్రితం మీ కళ్లద్దాలు మారాయా? దగ్గరికీ దూరానికీ కలిపి ఒకే అద్దం పెట్టుకున్నారా? ఆ అద్దాల్లో దగ్గరి చూపు కింది భాగంలో ఉంటుంది. ఎదురుగా ఉన్న తెర చదవాలంటే గడ్డం ఎత్తి, ముక్కు చివరినుంచి చూడాలి. వంగడం లేదని మీరు అనుకుంటున్నారు, నిజమే. రోజంతా తల వెనక్కి విరిచి కూర్చుంటున్నారు. మీతో పనిచేసేవారిని పక్కనుంచి ఒక ఫొటో తీయమనండి, మీకు తెలియకుండా తీస్తే ఇంకా మంచిది. గడ్డం లేచి ఉంటే తెరను నాలుగైదు అంగుళాలు దించి, పై అంచు కాస్త వెనక్కి వాల్చండి. సాధారణంగా తెర పై అంచు కంటి ఎత్తులో ఉండాలంటారు, మీలాంటివారికి ఆ నియమం పనికిరాదు. అప్పటికీ తగ్గకపోతే కళ్ల డాక్టరుకు మీ కంటికీ తెరకూ ఉన్న దూరం కొలిచి చెప్పి, కంప్యూటర్ కోసం విడిగా అద్దాలు రాయించుకోండి.

మావారికి క్షవరం అయ్యాక సెలూన్‌లో మెడ విరిపించుకోవడం అలవాటు. 'టక్' మని శబ్దం వస్తే తలనొప్పి దిగిపోతుందంటారు. నాకు భయం. నా భయం అర్థం లేనిదా?
— ఒక గృహిణి, మిర్యాలగూడ

మీ భయం నూటికి నూరుపాళ్లు సరైనది. ఈ ఉత్తరం వారికి చదివి వినిపించండి.

ఆ శబ్దం కీలులోని ద్రవంలో గాలి బుడగ వల్ల వచ్చేది. ఎముక సర్దుకున్నందుకు కాదు. ఆ తరవాత కాసేపు హాయిగా ఉండడం నిజమే, కానీ అది గంటల మాట. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల పక్కన ఉండే రంధ్రాల గుండా పైకి వెళతాయి. పైన మొదటి పూస దగ్గర మెలి తిరిగి పుర్రెలోకి ప్రవేశిస్తాయి. తలను ఒక్కసారిగా పక్కకు మెలిపెట్టి గుంజితే ఆ మలుపు దగ్గర ధమని లోపొర చిరిగే ప్రమాదం ఉంది. అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడులోకి చేరితే పక్షవాతం. అరుదే. కానీ వచ్చేది నలభై ఏళ్లవారికి, ముప్ఫై ఏళ్లవారికి కూడా, తల తిప్పించుకుని నవ్వుతూ ఇంటికి వెళ్లినవారికి.

బ్యూటీపార్లర్‌లో తల స్నానానికి మెడను బేసిను అంచు మీద వెనక్కి వాల్చడం వల్ల కూడా ఇలాంటిదే జరగవచ్చని 1993లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు అలా జరిగిందని ఆమెకు వైద్యం చేసిన డాక్టరు చెబితే పత్రికలన్నీ రాశాయి. కాబట్టి మీరూ వెళితే మెడ కింద మందపాటి తువ్వాలు వేయించుకోండి, ఎక్కువసేపు అలా వాల్చి ఉంచనివ్వకండి.

ఇప్పటికే విరిపించుకున్నవారికి ఒక మాట. ఆ తరవాత రోజుల్లో ఎప్పుడూ ఎరగని రకం మెడ నొప్పి, తల తిరుగుడు, రెండుగా కనిపించడం, మాట తడబడడం, మింగలేకపోవడం, నడక తూలడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. పడుకుంటే తగ్గుతుందని చూడకూడదు. వారి నెత్తికి నూనె రాసి, భుజాలు పిసికించుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. మెడ మాత్రం మెలిపెట్టనివ్వకండి.

డాక్టరుగారూ, నేను కళాశాల అధ్యాపకురాలిని. మూడేళ్లుగా తలనొప్పి మాత్ర వేసుకుంటే తప్ప రోజు గడవడం లేదు. మొదట్లో వారానికి ఒకటి, ఇప్పుడు రోజూ ఒకటి, పరీక్షల పేపర్లు దిద్దేటప్పుడు రెండు.
— పేరు రాయవద్దన్నారు, అనంతపురం

అమ్మా, మీ తలనొప్పి పేపర్లు దిద్దడంతో మెడలోనే మొదలై ఉండవచ్చు. ఇప్పుడు దాన్ని పోషిస్తున్నది మాత్రం ఆ మాత్రే అని నా అనుమానం. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపి చేసినవి 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటి వాడితే మందే తలనొప్పికి కారణమవుతుందని తలనొప్పి నిపుణుల అంతర్జాతీయ వర్గీకరణ చెబుతోంది. మెడికల్ షాపులో అడగగానే ఇచ్చే చాలా మాత్రల్లో కెఫీన్ కూడా కలిపి ఉంటుంది. అట్ట వెనక్కి తిప్పి చదవండి.

మీ అంతట మీరు ఒక్కసారిగా మానకండి. నాడీ వైద్యుల దగ్గరికి వెళ్లి, ఎన్ని మాత్రలో దాచకుండా చెప్పండి. మానిన మొదటి వారం, పది రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది. ఆ రోజులు దాటడానికి వారు వేరే మందు ఇస్తారు. సెలవులు చూసుకుని మొదలుపెట్టండి. ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి. ఆ రోజుల్లో మీకు వంట తోడు కావాలి, గదమాయింపు కాదు. ఒక పుస్తకంలో రోజూ నొప్పి వచ్చిన వేళ, వేసుకున్న మాత్ర రాస్తూ పోండి. ఇన్నేళ్లలో మీ అంతట మీరే ఒంటరిగా దీన్ని మోశారని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. మెడ సంగతి మనం రెండో నెలలో చూద్దాం.

మా అమ్మాయి అమెరికానుంచి మెడ నొప్పికని వంపు తిరిగిన దిండు పంపింది. దాని మీద పడుకున్నప్పటినుంచి పొద్దున్నే తలనొప్పి. అమ్మాయికి చెప్పలేకపోతున్నాను.
— ఒక తల్లి, గుంటూరు

దిండు మంచిదే అయి ఉంటుంది, మీ భుజానికి సరిపోయి ఉండదు. పక్కకు తిరిగి పడుకుంటే మెడకూ పరుపుకూ మధ్య ఖాళీ మీ భుజం వెడల్పు అంత. దిండు ఆ ఖాళీని నింపాలి, అంతే. అప్పుడు ముక్కూ, రొమ్ము ఎముక మధ్యభాగమూ ఒకే గీతలో ఉంటాయి. మీవారిని కాళ్ల దగ్గర నిలబడి చూడమనండి. తల పైకి లేచి ఉంటే దిండు ఎక్కువ, కిందికి వాలితే తక్కువ. మీ పాత బూరుగు దూది దిండు మీద తువ్వాలు మడతలు వేసి ఎత్తు కుదుర్చుకోండి. బోర్లా పడుకునే అలవాటు మాత్రం వదలాలి. తల రాత్రంతా ఒక పక్కకే తిరిగి ఉండిపోతుంది. అమ్మాయి పంపిన దిండును మోకాళ్ల మధ్య పెట్టుకోండి. నడుముకు మంచిది, అబద్ధం చెప్పిన బాధ కూడా ఉండదు.

ఇంటర్ చదివే మా అబ్బాయి హాస్టల్‌లో నేల మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుతాడు. రోజూ తలనొప్పి అంటాడు. చదువు ఎగవేతా?
— ఒక తండ్రి, నెల్లూరు

కాదు బాబూ, పిల్లవాడి మాట నమ్మండి. ఒళ్లో పుస్తకం అంటే మెడ పూర్తిగా వంగి ఉండడమే, అదీ రోజుకు పన్నెండు గంటలు. మన పెద్దలు భాగవతం చదవడానికి వ్యాసపీఠం ఎందుకు పెట్టుకున్నారో అడగండి. ఒకటి కొని, ఒక ఎత్తు పీట మీద పెట్టుకోమని ఇచ్చి రండి. వీపు గోడకు ఆనాలి. వెళ్లినప్పుడు ఎంత నిద్రపోతున్నాడో, మంచినీళ్లు ఎన్నిసార్లు తాగుతున్నాడో, ఉదయం ఏమైనా తిని కూర్చుంటున్నాడో కూడా అడగండి. మార్కుల గురించి ఆ రోజు అడగకండి.

మా తాతగారి కాలంనుంచి ఇంట్లో అమృతాంజనమే. దానివల్ల నిజంగా ఉపయోగం ఉందా?
— ఒక పెద్దాయన, మచిలీపట్నం

ఉంది, తాత్కాలికంగా. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన ఆ పసుపు రంగు మందు మీద తెలుగువారికి ఉన్న మమకారం నాకూ ఉంది. అందులోని మెంథాల్ లాంటివి చర్మంలోని చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టి లేపుతాయి, నొప్పి మీదినుంచి మెదడు దృష్టి మళ్లుతుంది. రాసే చేతి ఒత్తిడి కూడా మేలు చేస్తుంది. నుదుటికే కాక పుర్రె అంచు కిందా రాయించుకోండి మాస్టారూ. రాసిన చోట కాపడం మాత్రం పెట్టకండి, చర్మం మండిపోతుంది. చంటిపిల్లలకు రాయకండి.

నాకు 67 ఏళ్లు. జీవితంలో తలనొప్పి ఎరగను. నెలరోజులుగా ఎడమ కణత దగ్గర నొప్పి. దువ్వెన తగిలితే నెత్తి చర్మం నొప్పి. అన్నం నమిలేటప్పుడు దవడ లాగేస్తోంది. మెడ, భుజాలు కూడా పట్టేశాయి. మీరు చెప్పే వ్యాయామం పంపగలరా?
— ఒక అమ్మమ్మ, తణుకు

అమ్మా, మీకు వ్యాయామం పంపలేదు. 50 దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని మెడ మీదికి నెట్టకూడదు. కణత నొప్పి, దువ్వెన తగలనివ్వకపోవడం, నమిలితే దవడ అలసిపోవడం కలిసి వస్తే కణత దగ్గరి ధమని వాచిందేమోనని చూడాలి. సమయానికి మందు పడకపోతే చూపు పోయే ప్రమాదం ఉంది. అందుకే మీ ఉత్తరం అందిన రోజునే అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. మీ కోడలు తీసింది. ఆ సాయంత్రమే మిమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిందనీ, రక్తపరీక్ష చూసి వెంటనే మందు మొదలుపెట్టారనీ, రెండు రోజుల్లో దవడ నొప్పి తగ్గి మీరు జంతికలు అడిగారనీ మళ్లీ ఫోన్ చేసి చెప్పింది. మందు డాక్టరు చెప్పకుండా ఆపకండి. ఒకవేళ ఒక్క క్షణం కంటికి తెర పడినట్టు అనిపించినా రాత్రి అని చూడకుండా బయలుదేరండి.